రెండో సిస్టమ్ లేవడం లేదా? ఫార్మాట్ మాట తర్వాత చూద్దాం

రోహిణి కార్తె ఎండలో, మిట్టమధ్యాహ్నం రెండింటికి మా వీధి కుర్రాడొకడు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చాడు. "బాబాయ్, ఉబుంటు పోయింది. విండోస్ ఒక్కటే వస్తోంది. షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారు. ప్రాజెక్టంతా దాన్లోనే ఉంది" అన్నాడు. ముందు మజ్జిగ తాగమని చెప్పి, ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఆన్ చేస్తూ ఎస్కేప్, ఆ వెంటనే ఎఫ్ 9 నొక్కాను. జాబితాలో ఉబుంటు పేరు అలాగే ఉంది. "పోలేదురా, వరసలో వెనక్కి వెళ్లింది, అంతే" అన్నాను.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ (ఉబుంటు అందులో ఒక రకం) రెండూ పెట్టుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. చాలాసార్లు పోయేది సిస్టమ్ కాదు, దాని అడ్రసు. మా బ్రాడీపేటలో ఇంటి అడ్రసు 4/14 అంటారు. అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ రెండు అంకెల్లో ఒకటి తప్పు రాస్తే ఉత్తరం చేరదు, ఇల్లు మాత్రం ఎక్కడికీ పోదు. కంప్యూటర్ కూడా ఎన్నో డిస్కు, అందులో ఎన్నో పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) అని ఇలాగే వెతుక్కుంటుంది. కాబట్టి ఇల్లు కూల్చి కట్టే ముందు అడ్రసు సరిచూద్దాం.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీలు, గీతలు ఎక్కడున్నాయో చూసుకుని కొట్టాలి.

మొదలుపెట్టే ముందు

ఛార్జర్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్న ప్లగ్గులో పెట్టండి. రిపేరు సగంలో ఉండగా కరెంటు పోతే చిన్న జబ్బు పెద్దదవుతుంది.

దీనికంటే ముఖ్యమైనది బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. విండోస్ 11 వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్ (ఆన్ చేయగానే సిస్టమ్ కన్నా ముందు లేచే ప్రోగ్రాం) సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ అనే కాపలాను మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది. ఉబుంటు బాగుచేయబోయి విండోస్‌నూ పోగొట్టుకున్నట్టవుతుంది. అందుకే ముందుగా ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్లి, ఆ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచుకునే మహానుభావులను చూశాను. అలా చేయకండి.

తెర మీద ఏం కనిపిస్తోంది?

ఫోన్‌తో ఫోటో తీయండి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆ ఎర్రరే సగం మందు చెప్పేస్తుంది. ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూ ఏదీ రాకుండా నేరుగా విండోస్ వస్తుంటే ఒక దారి. నల్ల తెర మీద గ్రబ్ అనో, గ్రబ్ రెస్క్యూ అనో వచ్చి ఆగితే ఇంకో దారి. మెనూ వచ్చి, ఉబుంటు ఎంచుకున్నాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని ఆగితే అది వేరే జబ్బు, దానికి అడ్రసుతో సంబంధం లేదు. మెనూలో ఉబుంటు ఉండి విండోస్ కనిపించకపోతే అది అన్నిటికన్నా తేలిక.

నేరుగా విండోస్ వస్తుంటే

కంప్యూటర్ పూర్తిగా ఆఫ్ చేయండి. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీని టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్ 12. హెచ్‌పీలో ఎస్కేప్, తర్వాత ఎఫ్ 9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్ 12 పనిచేయకపోతే, ఎఫ్ 2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్ 12 బూట్ మెనూ అనేదాన్ని ముందు ఆన్ చేయాల్సి రావచ్చు. కీ నొక్కడం కుదరకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలి తెర మీద యూజ్ ఎ డివైస్ అని ఉంటే అందులో ఉబుంటు వెతకండి.

ఉబుంటు పేరు కనిపించి, ఎంచుకుంటే లేచిందా? సంగతి తేలిపోయినట్టే. విండోస్ పెద్ద అప్‌డేటో, బయోస్ అప్‌డేటో అయ్యాక వరస మారిపోయింది. బయోస్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో ఉబుంటును విండోస్ బూట్ మేనేజర్ పైకి జరపండి, ఎఫ్ 10తో సేవ్ చేయండి. మా కుర్రాడి పని ఇంతటితో అయిపోయింది.

డెస్క్‌టాప్‌లో అయితే ఇంకో సంగతి గమనించండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 సెల్ అయిపోయిందన్నమాట. మీరు ఎన్నిసార్లు వరస మార్చినా, ప్లగ్ తీయగానే బయోస్ అన్నీ మర్చిపోతుంది. ఆ 3 వోల్టుల సెల్ వాచీ షాపులో కూడా దొరుకుతుంది. ప్లగ్ తీసేసి, పాతది తీసి, రాత ఉన్న వైపు పైకి వచ్చేలా కొత్తది పెట్టండి. ఆ తర్వాత బయోస్‌లో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) కూడా చూడండి. మీరు ఏహెచ్‌సీఐలో ఇన్‌స్టాల్ చేసి ఉంటే, రీసెట్ అయినప్పుడు అది రెయిడ్‌కు మారి ఉండొచ్చు. అప్పుడు రెండు సిస్టమ్‌లూ మొరాయిస్తాయి. ఈ ఒక్కటి మర్చిపోయి ఒక ఆదివారమంతా వృథా చేసుకున్నాను నేను.

సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వస్తే

2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి ఇది ఎదురైంది. ఉబుంటు ఎంచుకోగానే షిమ్, ఎస్‌బీఏటీ అన్న మాటలతో ఒక ఎర్రర్ వచ్చి కంప్యూటర్ ఆగిపోయేది. భద్రతా లోపాలున్న పాత లినక్స్ బూట్ ఫైళ్లను అడ్డుకోవడానికి తెచ్చిన మార్పు అది. రెండు సిస్టమ్‌లు ఉన్న కంప్యూటర్లను వదిలేయాల్సింది, కొన్నింటిని గుర్తుపట్టలేకపోయింది. మీ ఉబుంటు పాతదై, చాన్నాళ్లుగా అప్‌డేట్ చేయకపోతే ఇప్పటికీ ఇది తగలొచ్చు.

చేయాల్సింది ఇది. బిట్‌లాకర్ కీ దగ్గర పెట్టుకుని, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి. ఉబుంటు లేస్తుంది. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఇది కొట్టండి:

సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బిఎటి-పాలసీ డిలీట్

రీస్టార్ట్ చేసి మళ్లీ ఉబుంటులోకే వెళ్లండి. ఆ తర్వాత ఉబుంటు మొత్తాన్ని అప్‌డేట్ చేయండి. అన్నీ అయ్యాకే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. ఆఫ్‌లోనే వదిలేస్తే ఏమవుతుందని అడుగుతారు చాలామంది. నడుస్తుంది. కానీ తలుపు బాగుచేసుకున్నాక గడియ పెట్టుకోవడానికి బద్ధకం దేనికి?

గ్రబ్ అనో, గ్రబ్ రెస్క్యూ అనో ఆగితే

గ్రబ్ అంటే "ఏ సిస్టమ్ కావాలి?" అని అడిగే మెనూ. అది తన సొంత ఫైళ్లనే కనుక్కోలేకపోయినప్పుడు ఇలా ఆగుతుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి పార్టిషన్లు చెరపడం, కలపడం చేశాక ఎక్కువగా చూస్తాం. అడ్డరోడ్డు నంబర్లు మారిపోయాయి, గ్రబ్ పాత నంబరు పట్టుకుని తిరుగుతోంది.

ఎల్‌ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. హెచ్‌డి0,జిపిటి1, హెచ్‌డి0,జిపిటి2 అంటూ బ్రాకెట్లలో వరస వస్తుంది. డిస్కుల లెక్క సున్నా నుంచి, పార్టిషన్ల లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. ఒక్కొక్కటే చూస్తూ పోండి:

ఎల్‌ఎస్ (హెచ్‌డి0,జిపిటి5)/

తెలియని ఫైల్‌సిస్టమ్ అంటే అది కాదు, తర్వాతది చూడండి. బూట్, హోమ్, యుఎస్ఆర్ లాంటి ఫోల్డర్ పేర్లు కనిపిస్తే ఇల్లు దొరికినట్టే. అది 5 అనుకుందాం. గ్రబ్ రెస్క్యూ దగ్గర ఈ నాలుగు వరసలు కొట్టండి:

సెట్ రూట్=(హెచ్‌డి0,జిపిటి5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డి0,జిపిటి5)/బూట్/గ్రబ్
ఇన్‌స్‌మాడ్ నార్మల్
నార్మల్

రెస్క్యూ అన్న మాట లేకుండా ఉత్త గ్రబ్ అని ఉంటే ఇంకా సులువు. ఒకే వరస చాలు:

కాన్ఫిగ్‌ఫైల్ (హెచ్‌డి0,జిపిటి5)/బూట్/గ్రబ్/గ్రబ్.సిఎఫ్‌జి

మెనూ వచ్చి ఉబుంటు తెరుచుకుంటుంది. అయితే ఇది ఈ పూటకే. రేపు మళ్లీ అక్కడే ఆగుతుంది. అందుకే లోపలికి వెళ్లగానే టెర్మినల్‌లో సుడో గ్రబ్-ఇన్‌స్టాల్, ఆ వెంట సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. యూఈఎఫ్ఐ (బయోస్‌కు వచ్చిన కొత్త రూపం) ఉన్న కంప్యూటర్లకు ఇంతే. పాత పద్ధతి బయోస్ అయితే గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్కు పేరు కూడా ఇవ్వాలి, /డెవ్/ఎస్‌డిఎ అని. ఎస్‌డిఎ5 అని పార్టిషన్ నంబరు తగిలించకండి.

జాబితాలో ఎక్కడా ఆ ఫోల్డర్లు కనిపించకపోతేనో, బూట్ మెనూలో ఉబుంటు పేరే లేకపోతేనో పెన్‌డ్రైవ్ బయటకు తీయాలి.

పెన్‌డ్రైవ్‌తో రిపేరు

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, పెళ్లి ఫోటోలు ఉంటే ముందు తీసేయండి. విండోస్ నడుస్తోంది కాబట్టి ఉబుంటు ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేసే సిస్టమంతా ఒకే ఫైలుగా ఉండేది) దింపుకుని, రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. బూట్ మెనూలో ఆ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, యూఈఎఫ్ఐ అని ముందున్నదాన్నే ఎంచుకోండి. ఇక్కడ తప్పు ఎంచుకుంటే కింద చేసే పనంతా బూడిదలో పోసిన పన్నీరే. ఉబుంటు యూఈఎఫ్ఐలో ఉంటే రిపేరూ యూఈఎఫ్ఐలోనే జరగాలి.

ట్రై ఉబుంటు అన్నది నొక్కండి, ఇన్‌స్టాల్ కాదు. డిస్క్స్ అనే యాప్ తెరవండి. ఎక్స్‌ట్ 4 (ఉబుంటు తన ఫైళ్లు దాచుకునే పద్ధతి) అని రాసున్న పార్టిషన్ కనిపిస్తోందా? కనిపిస్తే ఊపిరి పీల్చుకోండి. దాన్ని తెరిచి, హోమ్ ఫోల్డర్‌లోని మీ ఫైళ్లను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి. రిపేరుకు తొందరపడి ఈ అడుగు దాటేయకండి. ఆ కాపీ చేతిలో ఉంటే తర్వాత ఏం జరిగినా నిద్ర పడుతుంది.

ఎక్స్‌ట్ 4 ఎక్కడా లేక, అక్కడ ఖాళీ స్థలం అని మాత్రమే ఉంటే ఆ డిస్కు మీద ఇక ఏమీ రాయకండి. ఏ ఫార్మాట్ బటనూ నొక్కకండి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాం చెరిగిన పార్టిషన్‌ను చాలాసార్లు వెతికి పెడుతుంది. అది చేతకాదనిపిస్తే తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని చేయించుకోండి.

పార్టిషన్ ఉందనుకుందాం. ఇప్పుడు ఇంటర్నెట్ కావాలి. వైఫై పట్టకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. టెర్మినల్‌లో మూడు వరసలు:

సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ పిపిఎ:యన్నుఉబుంటు/బూట్-రిపేర్
సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బూట్-రిపేర్

మొదటి వరసలో యన్ను, ఉబుంటు రెండూ కలిపి ఒకే మాటగా, వై ఏ డబుల్ ఎన్ యు అని మొదలుపెట్టి కొట్టాలి. తర్వాత బూట్ రిపేర్ తెరిచి రికమెండెడ్ రిపేర్ నొక్కండి. మధ్యలో ఏవో కమాండ్లు కొట్టమంటే, అది చూపించినవి చూపించినట్టే కాపీ చేసి టెర్మినల్‌లో అతికించండి. ఎక్కువమందికి ఇక్కడితో మెనూ తిరిగొస్తుంది.

బటన్ మీద నమ్మకం లేనివాళ్లు చేత్తోనూ చేసుకోవచ్చు. పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ఎల్‌ఎస్‌బిఎల్‌కె -ఎఫ్ కొట్టి ఉబుంటు పార్టిషన్ ఏదో, ఫ్యాట్ 32లో ఉన్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఏదో చూసుకోవాలి. మొదటిదాన్ని /ఎంఎన్‌టి దగ్గర, రెండోదాన్ని /ఎంఎన్‌టి/బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంట్ చేయాలి, అంటే తెరిచి ఆ ఫోల్డర్‌కు తగిలించాలి. డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను మౌంట్ --ఆర్‌బైండ్‌తో లోపలికి కలపాలి. సుడో సిహెచ్‌రూట్ /ఎంఎన్‌టి అనగానే పెన్‌డ్రైవ్‌లోంచి మీ అసలు ఉబుంటులోకి అడుగుపెట్టినట్టే. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ కొట్టి, ఎగ్జిట్ అని బయటికి వచ్చి, రీస్టార్ట్.

ఆ ఈఎఫ్ఐ పార్టిషన్ గురించి ఒక హెచ్చరిక. చూడటానికి 100 ఎంబీ, 260 ఎంబీ ఉండి, దేనికీ పనికిరానిదానిలా కనిపిస్తుంది. చోటు కలిసొస్తుందని ఒకప్పుడు నేనే దాన్ని ఫార్మాట్ చేశాను. విండోస్, ఉబుంటు రెండింటి బూట్ ఫైళ్లూ ఉండేది అందులోనే. 100 ఎంబీ కోసం రెండు సిస్టమ్‌లనూ పడుకోబెట్టిన ఘనత నాది.

మెనూ వచ్చి, ఆ తర్వాత ఆగిపోతే

మన వైపు డెస్క్‌టాప్‌లకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. సాయంత్రం గాలివాన, టపీమని కరెంటు పోవడం, యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉండటం. డిస్కు మీద రాస్తున్న పని సగంలో ఆగిపోతుంది. మర్నాడు ఉబుంటు ఎంచుకుంటే నల్ల తెర మీద బిజీబాక్స్ అని, కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని వచ్చి కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఉంటుంది.

ముందు ఎగ్జిట్ అని కొట్టండి. ఏ పార్టిషన్‌లో తేడా ఉందో, డిస్కులో తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సికెను చేత్తో నడపమనో చెబుతుంది. ఆ పేరు /డెవ్/ఎస్‌డిఎ5 అనుకుంటే:

ఎఫ్‌ఎస్‌సికె -వై /డెవ్/ఎస్‌డిఎ5

వరసగా సరిచేసుకుంటూ పోతుంది. అయ్యాక రీబూట్ అని కొట్టండి. మామూలుగా లేచి కూర్చుంటుంది. అయితే వారానికోసారి ఇదే వస్తుంటే నెపం కరెంటు మీద వేయకండి, డిస్కే పోతుండొచ్చు. అలాంటప్పుడు ఎఫ్‌ఎస్‌సికె కన్నా ముందు పెన్‌డ్రైవ్‌తో లేపి ఫైళ్లు కాపీ చేసుకోవాలి. డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ డేటా చూస్తే డిస్కు ఆరోగ్యం తెలుస్తుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కూడా రాకుండా ఉత్త నల్ల తెరే ఉంటే, ముఖ్యంగా ఎన్‌విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లలో, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. మెనూలో ఉబుంటు మీద నిలబడి ఇంగ్లీషు ఇ అక్షరం నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే వరస చివర ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్ 10 నొక్కండి. లేస్తే డ్రైవర్ మార్చుకోండి.

మెనూలో విండోస్ మాయమైతే

2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్కనున్న సిస్టమ్‌ల కోసం వెతకడం మామూలుగా ఆపేసి ఉంచారు. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలును సుడో నానోతో తెరిచి, చివర గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని చేర్చండి. ఫాల్స్ తప్ప మిగతా మాటలన్నీ ఇక్కడ పెద్ద అక్షరాల్లో ఉండాలి. సేవ్ చేసి సుడో అప్‌డేట్-గ్రబ్ కొడితే, విండోస్ దొరికిందని టెర్మినల్‌లోనే కనిపిస్తుంది.

బాగయ్యాక

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా పడుకోదు, ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. ఉబుంటులోంచి ఆ డ్రైవ్‌లోకి ఏమైనా రాయాలంటే కుదరదు. పార్టిషన్లు తగ్గించడం, పెంచడం ఏదున్నా ఫైళ్లు కాపీ తీసుకున్నాకే చేయండి. తయారుచేసిన పెన్‌డ్రైవ్‌ను చెరపకుండా సొరుగులో పడేయండి.

మా కుర్రాడు మర్నాడు ఫోన్ చేశాడు. "బాబాయ్, రెండూ బాగానే వస్తున్నాయి గానీ, విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది." మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు గ్రీనిచ్ లెక్క రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుని చదువుతుంది. మనకూ ఆ లెక్కకూ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. ఉబుంటు టెర్మినల్‌లో ఈ ఒక్క వరస కొట్టమన్నాను:

టైమ్‌డేట్‌సిటిఎల్ సెట్-లోకల్-ఆర్‌టిసి 1

తర్వాత విండోస్‌లోకి వెళ్లి, డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ ఒక్కసారి నొక్కితే సరిపోతుంది.